"లెట్" అను మాట: విడుచుటయా, అడ్డగించుటయా?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 5:1-9, మార్కు 10:13-16, రోమీయులకు 1:8-15, అపొస్తలుల కార్యములు 28:16-31



మన గ్రామములలో ఆరాధనకు వచ్చువారి చేతిలో నుండునది తెలుగు బైబిలే. అందుకు దేవుని స్తుతించుచున్నాము. అయినను నేటి దినములలో మన యిండ్లలోనికి ఇంగ్లీషు బైబిలు కూడ వచ్చినది. ఇంగ్లీషు మీడియము బడులకు పోవు పిల్లలు, కాలేజీలో చదువు యౌవనులు దానిని తెరచి చదువుచున్నారు. వారి చేతికి తరచుగా దొరకునది 1611లో ఇంగ్లాండు దేశమున అచ్చుపడిన జేమ్సు రాజు తర్జుమా. అది గంభీరమైన భాష గల గ్రంథము. కాని అది నాలుగు వందల యేండ్లు దాటిన భాష. అందలి మాటలు కొన్ని నేటికిని వాడుకలో నున్నవి గాని, వాటి అర్థము మారిపోయినది. తెలియని మాట ఎదురైనప్పుడు మనము నిఘంటువు తెరచెదము. తెలిసిన మాటయే అనుకొన్నప్పుడు తెరువము. పొరపాటు అక్కడనే మొదలగును.

ఈ నెల పాఠములో అట్టి మాట నొక్కదానిని పరిశీలింతము. అది "లెట్" అను క్రియ. ఇంగ్లీషులో దానికి మూడే అక్షరములు. ఒకటవ తరగతి పిల్లవాడు సహితము దానిని ఎరుగును. రానిమ్ము, పోనిమ్ము అని దాని భావము. అయితే పాత ఇంగ్లీషు బైబిలులో కొన్ని చోట్ల అదే మాటకు రానియ్యకుము, అడ్డగింపుము అను భావమున్నది. ఒకే మాట, ఎదురెదురు అర్థములు!

ఇది పండితుల వినోదము మాత్రము కాదు. ఒక ఉదాహరణ చూడుడి. 2 థెస్సలొనీకయులకు 2:7లో, అధర్మము రహస్యముగా పని చేయుచున్నను, దానిని అడ్డగించువాడొకడు ఇప్పుడు ఉన్నాడని పౌలు సంఘమునకు ధైర్యము చెప్పెను. జేమ్సు రాజు తర్జుమాలో ఆ అడ్డగించుటకు "లెట్" అను మాటయే వాడబడినది. నేటి ఇంగ్లీషు మాత్రమే తెలిసిన యౌవనుడు దానిని చదివిన ఎట్లు గ్రహించును? ఇప్పుడు అనుమతించువాడు ఇక ముందును అనుమతించునని గ్రహించును. చెడుతనమునకు కావలి యున్నదని అపొస్తలుడు ఓదార్చగా, చెడుతనమునకు తలుపు తెరచి యున్నదని చదువరి కలవరపడును. కాబట్టి ఈ చిన్న మాటను ఓపికతో నేర్చుకొందము.

1. నేడు వాడుకలోనున్న అర్థములు

మొదటి అర్థము, అనుమతించుట. ఒకడు ఒక పని చేయగోరుచున్నాడు. మనము వానికి అడ్డు రాక చేయనిత్తుము. ఇదియే అందరికి తెలిసిన అర్థము.

రెండవది, పట్టు విడుచుట. లాజరు సమాధినుండి బయటికి వచ్చినప్పుడు, అతని కట్లు విప్పి పోనియ్యవలెనని ప్రభువు చెప్పెను (యోహాను 11:44). ఇంగ్లీషులో అక్కడ ఈ మాటయే యున్నది.

మూడవది, క్రిందికి దించుట. "డౌన్" అను చిన్న మాట ప్రక్కన చేరినప్పుడు ఈ అర్థము వచ్చును. పక్షవాయువు గలవానిని నలుగురు ఇంటి కప్పు తీసి మంచముతో దించిరి (మార్కు 2:4). సీమోను లోతు నీళ్లలో వల దించెను (లూకా 5:5). దమస్కు గోడ మీదనుండి శిష్యులు పౌలును గంపలో దించిరి (అపొ. కార్యములు 9:25). ఈ మూడు చోట్లను "లెట్ డౌన్" అనియే యున్నది. నేటి ఇంగ్లీషులో ఒకనిని నమ్మించి చేయి విడుచుటకు కూడ ఇదే మాట వాడుదురు. త్రాడు పట్టుకొని మెల్లగా దించుట ఒకటి, త్రాడు విడిచిపెట్టి పడవేయుట మరియొకటి.

నాల్గవది, కౌలుకు లేక అద్దెకు ఇచ్చుట. మన పట్టణములలో ఏ వీధికి పోయినను గేటునకు "టు లెట్" అను పలక వ్రేలాడుట చూచెదము. ఆ యిల్లు అద్దెకు ఇయ్యబడునని దాని అర్థము. మత్తయి 21:33లో ద్రాక్షతోట నాటించిన యజమానుడు దానిని కాపులకు గుత్తకిచ్చి దేశాంతరము పోయెను. ఇంగ్లీషులో అక్కడ "లెట్ అవుట్" అని యున్నది.

అయిదవది, జోలికి పోకుండుట. "అలోన్" అను మాట చేరినప్పుడు ఈ భావము కలుగును. మూడేండ్లు కాపు లేని అంజూరపు చెట్టును నరుకుమని యజమానుడు చెప్పగా, ఈ యేడు కూడ ఉండనిమ్మని, పాదు త్రవ్వి ఎరువు వేయుదునని తోటమాలి వేడుకొనెను (లూకా 13:8). ఆ ఉండనిమ్మను మాట ఇంగ్లీషులో "లెట్" తోనే కట్టబడినది.

ఆరవది, ఆజ్ఞయు ప్రార్థనయు. ఇక్కడ మనము జాగ్రత్తగా నుండవలెను. ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు వెలుగు కలుగవలెనని పలికినప్పుడు ఇంగ్లీషు తర్జుమా "లెట్" అను మాటతో ఆరంభమగుచున్నది. దేవుడు ఎవరి అనుమతి అడిగెను? ఎవరిని అడుగలేదు. హెబ్రీ భాషలో అది "యెహి" అను ఒక్క క్రియ, కలుగవలెనను ఆజ్ఞ. ఎదుటివానికి ఆజ్ఞాపించుటకు ఇంగ్లీషులో క్రియారూపమున్నది గాని, ఎదుట లేని దానికి ఆజ్ఞాపించుటకు ప్రత్యేక రూపము వాడుకలో లేదు. కనుక వారు "లెట్" అను ఊతకర్రను వాడుకొందురు. మన తెలుగులో "కమ్ము", "కలుగును గాక" అను రూపములున్నవి గనుక మనకు ఆ చిక్కు లేదు. అట్లే "లెట్ అస్" అని ఆరంభమగు మాటలు హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10:22-24లో వరుసగా వచ్చును. మనకు అనుమతి ఇమ్మని వాటి భావము కాదు. చేరుదము, పట్టుకొందము, పురికొల్పుకొందము అని మనలను మనము హెచ్చరించుకొనుటయే.

2. మరుగైపోయిన అర్థము

ఇప్పుడు ఎదురు అర్థమునకు వత్తము. జేమ్సు రాజు తర్జుమాలో "లెట్" అనగా అడ్డగించుట అను అర్థము గల చోట్లు నాలుగు చూపుచున్నాము. నిర్గమకాండము 5:4, యెషయా 43:13, రోమీయులకు 1:13, పైన చెప్పిన 2 థెస్సలొనీకయులకు 2:7. మీ పిల్లలు ఇంగ్లీషు బైబిలు చదువువారైన, ఈ నాలుగు వచనములను తెలుగుతో ప్రక్కప్రక్కన పెట్టి చదువుమనుడి.

ఆ కాలమున ఇది వింత మాట కాదు. సుమారు 1600 ప్రాంతమున షేక్స్పియరు వ్రాసిన హామ్లెట్ నాటకములో, తండ్రి ప్రేతము పిలువగా వెంట పోనెంచిన రాజకుమారుని స్నేహితులు పట్టుకొందురు. నన్ను "లెట్" చేయువానిని ప్రేతముగా చేసెదనని అతడు బెదరించును. అడ్డువచ్చువానిని చంపెదనని భావము. అనుమతించువానిని చంపెదనని అర్థము చేసికొన్న కథయే తలక్రిందులగును.

ఈ అర్థము సామాన్య సంభాషణలో మరుగైనను కొన్ని మూలలలో నేటికిని బ్రతికియున్నది. మన భారతదేశపు పాస్‌పోర్టు తెరచి చూడుడి. రాష్ట్రపతి పేరట అన్యదేశపు అధికారులకు ఒక విన్నపము ఇంగ్లీషులో అచ్చువేయబడియుండును. ఈ ప్రయాణికుని "లెట్" గాని ఆటంకము గాని లేకుండ పోనియ్యవలెనని అందు కోరబడినది. గల్ఫు దేశములకు పనికి పోవు మన సహోదరులనేకులు ఈ పాత మాటను తమకు తెలియకయే జేబులో పెట్టుకొని సముద్రము దాటుచున్నారు. టెన్నిసు ఆటలో మొదటి బంతి వలను తాకి అవతల సరియైన గడిలో పడిన "లెట్" అని పలికి మరల వేయింతురు. అదియు అడ్డు అను అర్థమునకు చెందినదనియే నిఘంటుకారులు చెప్పుదురు.

3. రెండు నదులు ఒక పేరుతో

ఒకే మాటకు ఎదురెదురు అర్థములు ఎట్లు వచ్చెను? నిజమునకు అది ఒక మాట కాదు, రెండు మాటలు. సుమారు వెయ్యి యేండ్ల క్రిందటి పాత ఇంగ్లీషులో "లేటన్" అని ఒక క్రియ యుండెను. విడుచుట, అనుమతించుట దాని అర్థము. "లెట్టన్" అని మరియొక క్రియ యుండెను. ఆలస్యపరచుట, అడ్డగించుట దాని అర్థము. కాలము గడచినకొలది మాటల చివరి భాగములు రాలిపోయినవి, అచ్చుల పలుకుబడి మారినది. తుదకు రెండును "లెట్" అనియే మిగిలినవి. ఎదురు అర్థములు గల రెండు మాటలు ఒకే రూపముతో నుండిన వినువారికి చిక్కే గదా. కాలక్రమమున అనుమతించుట అను అర్థము నిలిచినది, అడ్డగించుట అను అర్థము చట్టపు వ్రాతలలోనికిని ఆటస్థలములలోనికిని తొలగిపోయినది.

ఇంకను వెనుకకు పోయిన మరియొక సంగతి తెలియును. ఈ రెండు క్రియలును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ మూలమునకు సడలుట, వదులగుట అని అర్థము. లాటిను భాషలో అలసినవాడని అర్థమిచ్చు "లాస్సుస్" అను మాటయు ఆ కుటుంబములోనిదే. బస్సు లేటు అని మనము నిత్యము పలుకు "లేటు" కూడ ఆ కుటుంబములోనిదే. దాని మొదటి అర్థము మెల్లనిది, మందమైనది అని.

దీనిని గ్రహించుటకు మన తెలుగే సహాయము చేయును. "వదులు" అనగా బిగువు లేనిది. "వదలు" అనగా విడిచిపెట్టు. రెండును దగ్గర చుట్టములు. చేతి పట్టు వదులైన పట్టుకొన్నది విడుదల పొందును. అదే కాలు వదులైన నడక మందగించును, ప్రయాణము ఆలస్యమగును. చేతి సడలింపునుండి అనుమతించుట అను అర్థము పుట్టినది. నడక మందగించుటనుండి ఆలస్యపరచుట, దానినుండి అడ్డగించుట అను అర్థము పుట్టినది. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు బిడ్డలు దూరముగా పెరిగి, పెద్దవారైన తరువాత ఒకే పేరుతో ఒకే ఊరిలో కాపురమున్నట్లు ఈ రెండు మాటలు ఇంగ్లీషులో నుండెను.

4. ఫరో సభలో ఒక మాట

ఇప్పుడు నిర్గమకాండము 5వ అధ్యాయము తెరువుడి. మొదటి వచనములో మోషే అహరోనులు ఫరో యెదుట నిలిచి, అరణ్యములో పండుగ చేయుటకు దేవుని జనమును పోనియ్యవలెనని దేవుని మాటగా చెప్పిరి. జేమ్సు రాజు తర్జుమాలో అక్కడ "లెట్" అని యున్నది, విడిచిపెట్టుమని అర్థము. నాలుగవ వచనములో ఐగుప్తు రాజు వారికి ప్రత్యుత్తరమిచ్చుచు, మీరు ఈ జనుల పని ఎందుకు చెరుపుచున్నారని గద్దించెను. అక్కడను "లెట్" అనియే యున్నది. అడ్డగించుట అని అర్థము. మూడు వచనముల ఎడములో ఒకే మాట రెండు అర్థములతో నిలిచినది.

హెబ్రీ భాషలో అవి వేరు వేరు మాటలు. మొదటిది పంపివేయుట. రెండవది, ఫరో పలికినది, కట్టడి లేకుండ విప్పివిడుచుట అను భావము గలది. అహరోను జనులను అదుపు లేక విడిచినందున వారు విచ్చలవిడిగా తిరిగిరని చెప్పు నిర్గమకాండము 32:25లో అదే ధాతువున్నది. అనగా ఫరో దృష్టిలో ఇశ్రాయేలీయులు కట్టవలసిన పశువులు. మోషే వారి పగ్గము విప్పుచున్నాడు.

ఇంగ్లీషు తర్జుమా చేసినవారు తలంచి చేసినను తలంపక చేసినను, ఇక్కడ మనకొక గొప్ప పాఠము దొరకుచున్నది. జరిగిన పని ఒక్కటే. దేవుడు దానిని విడుదల అనెను. ఫరో దానిని ఆటంకమనెను. ఇటుకల లెక్క చూచుకొనువానికి ఆరాధనకు పోవు మనుష్యుడు పని చెరుపువాడే. తరువాత ఏమి జరిగెను? ఫరో గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపక, పని బరువు పెంచెను.

ఈ ఫరో ఐగుప్తులోనే యుండి చనిపోయెనని అనుకొనకుడి. ఆడపిల్ల బడికి పోవుట ఆ పిల్లకు విడుదల. పత్తి చేలో తక్కువ కూలికి చేతులు కావలసినవానికి అది ఆటంకము. జీతగాడు ఆదివారము ఒక పూట దేవుని మందిరమునకు పోవుట వానికి విశ్రాంతి. యజమానునికి పని నష్టము. మనలోనే కొందరికి ఇప్పుడు పొలమున్నది, ట్రాక్టరున్నది, మన క్రింద కూలికి వచ్చువారున్నారు. ఒకప్పుడు మన తాతలు ఎవని నోట ఏ మాట వినిరో ఆ మాట మన నోటనుండి వచ్చుచున్నదేమో పరీక్షించుకొందము.

5. అడ్డగింపబడిన అపొస్తలుడు

రోమీయులకు 1:13లో, పలుమారు మీయొద్దకు రావలెనని ఉద్దేశించితిని గాని ఇదివరకు ఆటంకపరచబడితినని పౌలు వ్రాసెను. సుమారు క్రీ.శ. 57లో వ్రాసిన పత్రిక అది. గ్రీకు భాషలో అక్కడున్న క్రియ "కోలుఓ", అనగా అడ్డగించుట. 1611 నాటి ఇంగ్లీషులో అది "లెట్" అయినది. 1881లో వచ్చిన సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనలో ఆ మాట తీసివేసి, అందరికి తెలియునట్లు ఆటంకమను అర్థము గల మాటయే వేసిరి. థెస్సలొనీకయుల పత్రికలోను అట్లే సవరించిరి.

పౌలునకు వచ్చిన అడ్డు ఏమి? అదే పత్రిక 15:20-22లో దానిని చెప్పుచున్నాడు. క్రీస్తు నామము వినని చోట్ల సువార్త ప్రకటించు పని అతని చేతిలో నుండెను. ఆ పనియే రోమాకు పోనియ్యలేదు. కనుక ప్రతి ఆటంకమును సాతానుదే అని చెప్పుటకు తొందరపడకూడదు. అపొస్తలుల కార్యములు 16:6లో ఆసియలో వాక్యము చెప్పకుండ వారిని అడ్డగించినవాడు పరిశుద్ధాత్ముడే. అక్కడను గ్రీకులో "కోలుఓ" అను క్రియయే యున్నది. ఆ తలుపు మూయబడుటవలననే వారు త్రోయకు వచ్చి, అక్కడనుండి మాసిదోనియకు దాటిరి.

తుదకు పౌలు రోమాకు చేరెను. అయితే తాను తలంచినట్లు స్వేచ్ఛగా కాదు. బందీగా, ఓడ బద్దలైన ప్రయాణము చేసి చేరెను. అపొస్తలుల కార్యముల గ్రంథము ఎట్లు ముగియుచున్నది? రెండేండ్లు తన అద్దె యింట కాపురముండి, తనయొద్దకు వచ్చువారినందరిని చేర్చుకొని, అతడు దేవుని రాజ్యమును ప్రకటించెను. గ్రీకులో ఆ గ్రంథపు కట్టకడపటి మాట "అకోలుతోస్". అడ్డు లేకుండ అని దాని అర్థము. అది "కోలుఓ" అను క్రియనుండి పుట్టినదే. రావలెనని కోరి అడ్డగింపబడిన మనుష్యుడు, కాపలా సైనికుడు ప్రక్కనుండగనే, అదే పట్టణములో అడ్డు లేకుండ ప్రకటించెను. మనుష్యుని కట్టవచ్చును గాని వాక్యమును కట్టలేరు.

ఇక థెస్సలొనీకయుల సంగతి. అక్కడ గ్రీకు క్రియ "కతెఖో". పట్టి ఆపుట అని దాని భావము. ఆరవ వచనములోను ఏడవ వచనములోను ఆ క్రియయే యున్నది; ఇంగ్లీషు తర్జుమా మాత్రము రెండు వేరు మాటలు వాడినది. ఆ అడ్డగించువాడు ఎవడని ఆది సంఘకాలమునుండి పెద్దలు భిన్నముగా తలంచిరి. సుమారు క్రీ.శ. 200 కాలపు తెర్తుల్లియను అది రోమా రాజ్యమని తలంచెను. దానిని గూర్చి వాదించుకొనుటకంటె, చెడుతనము దానికిష్టమైనంత దూరము పోలేదనియు, దానికి ఒక హద్దు ఉన్నదనియు నమ్ముట మన సంఘములకు మేలు.

6. రానిచ్చుటలో ఇచ్చుట

మార్కు 10:13-16లో తల్లులు తండ్రులు తమ చిన్నబిడ్డలను యేసునొద్దకు తీసికొనివచ్చిరి. శిష్యులు వారిని గద్దించిరి. యేసు అది చూచి కోపపడెను. రానియ్యుడి, అడ్డగింపకుడి అని ఒకే ఊపిరిలో రెండు మాటలు చెప్పెను. మన మాట యొక్క రెండు అర్థములును ఈ ఒక్క వచనములో ఎదురెదురుగా నిలుచుచున్నవి. అడ్డగింపకుడి అను చోట గ్రీకులో మరల "కోలుఓ" యే. 1611 తర్జుమా చేసినవారు రానియ్యుడి అనుటకు ఇక్కడ "లెట్" వాడక "సఫర్" అను మాట వాడిరి. అదియు అర్థము మారిన మాటయే. నేడు దానికి శ్రమపడుట అని అర్థము. ఆ కాలమున అనుమతించుట అను అర్థము కూడ నుండెను. బిడ్డలు శ్రమపడవలెనని ప్రభువు చెప్పెనని ఏ పిల్లయు అనుకొనకుండునట్లు పెద్దలు చెప్పి ఇయ్యవలెను.

రానియ్యుడి అను చోట గ్రీకు క్రియ "అఫియేమి". ఆ క్రియ నూతన నిబంధనలో ఎన్ని పనులు చేయుచున్నదో చూడుడి. సీమోను అంద్రెయలు వలలు విడిచిపెట్టిరని చెప్పుటకు అదే క్రియ (మార్కు 1:18). ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఋణములను క్షమించుట అనుటకు అదే క్రియ (మత్తయి 6:12). అంజూరపు చెట్టును ఈ యేడు ఉండనిమ్మనుటకును, లాజరును పోనియ్యుడనుటకును అదే. వల విడుచుట, తప్పు విడుచుట, బిడ్డను రానిచ్చుట, అన్నియు ఒకే చేతి పని. బిగించిన పిడికిలి విప్పుటయే.

మన తెలుగును చూడుడి. "రానిచ్చుట", "పోనిచ్చుట", "ఉండనిచ్చుట" అను మాటలన్నిటిలోను "ఇచ్చుట" యున్నది. తెలుగువానికి అనుమతి ఒక దానము. ఊరక అడ్డు తొలగుట కాదు, ఒకదానిని ఇచ్చుట. మనము రానిచ్చినవానికి ఏమి ఇచ్చుచున్నాము? చోటు ఇచ్చుచున్నాము, గౌరవము ఇచ్చుచున్నాము, కొంత మన సమయము ఇచ్చుచున్నాము. ఇయ్యకుండ రానిచ్చుట మన భాషలోనే లేదు.

7. తూము తలుపు

కాలువ క్రింద వ్యవసాయము చేయు మనకు తూము సంగతి తెలియును. తూమునకు తలుపు ఒక్కటే. లస్కరు దానిని ఎత్తిన నీరు పోవును, దించిన ఆగును. వేళకు ఎత్తనియెడల నారు ఎండును. వేళకు దించనియెడల గట్టు తెగును. తలుపు మంచిదా చెడ్డదా అని ఎవరును అడుగరు. ఎప్పుడు ఎత్తితివి, ఎప్పుడు దించితివి అని అడుగుదురు.

సంఘము చేతిలోను అట్టి తలుపున్నది. విడువవలసినవి ఉన్నవి, ఆపవలసినవి ఉన్నవి. మనము తరచుగా వాటిని తారుమారు చేయుచున్నాము. కొండెములను పోనిత్తుము; క్షమాపణను ఆపుదుము. సారాయి పెండ్లిపందిటిలోనికి రానిత్తుము; వేరొక పేటనుండి క్రొత్తగా వచ్చిన కుటుంబమును వెనుక చాప మీదనే కూర్చుండబెట్టుదుము. కట్నపు బేరమును ఆపము. విధవరాలు లేచి సాక్ష్యము చెప్పబోయిన కూర్చుండుమందుము. పండ్రెండేండ్ల పిల్ల స్పష్టముగా వాక్యము చదువగలిగినను, పెద్దలుండగా నీవెందుకని బైబిలు చేతినుండి తీసికొందుము. శిష్యులు ఆనాడు చేసినది ఇదియే. వారును చెడ్డవారు కారు. ప్రభువునకు అలసట కలుగునని తలంచిరేమో. అయినను ఆయన వారిమీద కోపపడెను.

ప్రభువు ధర్మశాస్త్రోపదేశకులను గద్దించుచు, వారు జ్ఞానపు తాళపుచెవి తీసికొనిపోయి, తాము ప్రవేశింపక, ప్రవేశించువారిని అడ్డగించిరనెను (లూకా 11:52). అక్కడను ఆ "కోలుఓ" క్రియయే. అయితే ఐతియోపీయుడైన నపుంసకుడు త్రోవలో నీళ్లు చూచి, బాప్తిస్మమునకు నాకు అడ్డమేమని అడిగినప్పుడు (అపొ. కార్యములు 8:36), ఫిలిప్పు అడ్డములను వెదకలేదు. ఇద్దరును నీళ్లలోనికి దిగిరి.

8. పాత ఇంగ్లీషు చదువు పిల్లలకు గుర్తులు

జేమ్సు రాజు తర్జుమాలో "లెట్" ఎదురైనప్పుడు ఏ అర్థమో తెలిసికొనుటకు మూడు గుర్తులు చెప్పుచున్నాము.

ఒకటి: దాని తరువాత ఒక మనుష్యుని పేరో వస్తువు పేరో వచ్చి, వెంటనే మరియొక క్రియ వచ్చిన, అది అనుమతి గాని ఆజ్ఞ గాని. జనమును పోనిమ్ము అను వాక్యము ఇట్టిది.

రెండు: "డౌన్", "అవుట్", "అలోన్" వంటి చిన్న మాట చేరిన, దించుట, గుత్తకిచ్చుట, జోలికి పోకుండుట అను అర్థములలో ఒకటి తరచుగా సరిపోవును.

మూడు: ఏ క్రియయు తరువాత రాక, "లెట్" ఒంటరిగా నిలిచిన, అది పాత అడ్డగించు క్రియ కావచ్చును. పైన చూపిన నాలుగు వచనములును ఇట్టివే. అప్పుడు తెలుగు బైబిలు తెరచి చూడవలెను. ఇంగ్లీషు వచ్చినదని తెలుగు బైబిలును మూసివేయు యౌవనులారా, ఈ నాలుగు చోట్లను మీ అమ్మమ్మ చేతిలోని తెలుగు బైబిలే మీకు త్రోవ చూపును.

సంఘములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. నిర్గమకాండము 5వ అధ్యాయములో మోషే విడుదల అనినదానిని ఫరో ఆటంకమని ఎందుకు తలంచెను? మన ఊరిలో అట్లు పిలువబడు మంచి పని ఏదైన ఉన్నదా?

2. మన జీవితములో దేవుడు మూసిన తలుపు, తరువాత మేలుకై మూసెనని తెలిసిన సందర్భము ఒకటి చెప్పుడి.

3. మార్కు 10:14 ప్రకారము మన ఆరాధనలో పిల్లలకు ఇయ్యవలసిన చోటు ఏది? ఇప్పుడు ఇచ్చుచున్నది ఏది?

4. మన సంఘములో ఇంతవరకు పోనిచ్చినదానిని ఆపవలసినది ఒకటి, ఆపినదానిని పోనియ్యవలసినది ఒకటి ఎంచి, పెద్దలు కూడుకొని మాటలాడుడి.

ప్రభువు మన చేతులకు విడుచు వేళను ఆపు వేళను నేర్పును గాక. ఆయనయొద్దకు వచ్చువారికి మనలో ఎవరమును అడ్డము కాకుందుము గాక. ఆమేన్.